జీతమూ, జీవితమూ, కెనడా బంతాటా

ఎనిమిదవ తరగతి పిల్లలకు ప్రకృతి వికృతులు చెప్పేటప్పుడు నేను ఒక జంట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగేవాణ్ణి. ‘జీవితము’ ప్రకృతి, ‘జీతము’ దాని వికృతి. బ్రతకడానికి ఇచ్చేది కనుక దానికి బ్రతుకు పేరే వచ్చింది. నోళ్ళలో నలిగి నలిగి మధ్య అక్షరం అరిగిపోయాక జీవితం వేరు, జీతం వేరు అన్నంత దూరం ఏర్పడింది. ‘యజమాని’ అన్న మాట కూడా అటువంటిదే. యజ్ఞం చేసేవాడు యజమానుడు. ఋత్విక్కులను పిలిచేదీ, సంభారాలు సమకూర్చేదీ, ఖర్చంతా భరించేదీ, చివర దక్షిణలిచ్చి సాగనంపేదీ అతడే. అంటే మొదట్లో యజమాని లాభం లెక్కపెట్టుకొనేవాడు కాదు, చేతిసొమ్ము వెచ్చించేవాడు. ఇంటి యజమాని, దుకాణం యజమాని అన్న అర్థాలు తరువాత వచ్చి చేరాయి.

ఈ రెండు మాటలూ తమ పాత అర్థాలతో ఇంకా నడుస్తున్న చోటు ఒకటి నాకు ఈ వయసులో తారసపడింది. అది యాగశాల కాదు, కెనడా దేశపు వృత్తి ఫుట్‌బాల్ లీగు. మా అమ్మాయి కుటుంబం సస్కాచెవాన్ రాష్ట్రంలోని రిజైనా నగరంలో ఉంటుంది. అక్కడ ఒక వేసవి గడిపినప్పుడు ఊరంతా ఆకుపచ్చ చొక్కాలు వేసుకొని తిరగడం చూసి, విషయమేమిటని మా అల్లుణ్ణి అడిగాను. ఆయన చెప్పినది కొంత, నేను చదివి తెలుసుకొన్నది కొంత. చదువుతూ పోగా ఆట కంటె దాని ఆదాయవ్యయాలే నన్ను ఎక్కువ పట్టుకొన్నాయి. ఆటలోని మెలకువలు నాకు తెలియవు గాని, ముప్ఫై ఏళ్ళకు పైగా జీతం మీద బ్రతికినవాణ్ణి కనుక జీతాల గురించి మాట్లాడే అధికారం ఉన్నదనుకొంటున్నాను.

ముందుగా ఆట సంగతి క్లుప్తంగా. మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రని బంతి గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు. కొబ్బరికాయ ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసురుతూ, పట్టుకొని పరుగెత్తుతూ, ఎదుటివారిని ఢీకొంటూ ఆడే ఆట. అమెరికా వారి ఫుట్‌బాల్‌కు దాయాది. అక్కడ జట్టుకు 11 మంది అయితే ఇక్కడ 12 మంది. అక్కడ పది గజాలు ముందుకు వెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు, ఇక్కడ మూడే. మైదానం కూడా పెద్దది, 110 గజాలు. విజేతకు ఇచ్చే గ్రే కప్పును 1909లో అప్పటి గవర్నర్ జనరల్ ఎర్ల్ గ్రే బహూకరించాడు. లీగు ప్రస్తుత రూపంలో 1958లో ఏర్పడింది. ఇప్పుడు జట్లు తొమ్మిది. ఒక కాలంలో ఇంత చిన్న లీగులోనే రెండు జట్లకు ఒకే పేరు ఉండేది: ఒకటి రిజైనాలోని రఫ్‌రైడర్స్, రెండవది ఆటవాలోని రఫ్ రైడర్స్. మొదటిది ఒకే పదం, రెండవది రెండు పదాలు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన నాకు ఈ సంధి భేదం ఎంత ముచ్చట గొలిపిందో చెప్పలేను.

ఇక జీతాలు. ఈ లీగులో ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి ఇంతకు మించి ఇవ్వరాదని ఒక పరిమితి ఉంది. దానిని నిజంగా అమలు చేయడం 2007లో మొదలయింది. అప్పుడది 40 లక్షల 50 వేల కెనడా డాలర్లు. 2025లో అది 60 లక్షల డాలర్లు దాటింది. కనీస జీతం 2019లో 54 వేల డాలర్లు, తరువాత 65 వేలు, 2023 నుండి 70 వేలు. మన రూపాయలలోకి మార్చితే నలభై లక్షలు దాటుతుంది కాబట్టి మనవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. కాని డబ్బును ఖర్చు పెట్టే ఊళ్ళోనే తూచాలి. ఆ రాష్ట్రంలో కొంత అనుభవం గల బడిపంతులు ఈ కనీస జీతపు ఆటగాడి కంటె ఎక్కువ సంపాదిస్తాడు. పైగా పంతులు అరవై ఏళ్ళ దాకా పాఠం చెప్పగలడు. ఈ ఆటగాళ్ళలో చాలామందికి ఆడే కాలం మూడు నాలుగేళ్ళకు మించదు. ఆ ఉద్యోగమైనా ఏడాదికి ఆరు నెలల పని. మిగతా కాలం ఎవరి బ్రతుకుతెరువు వారు చూసుకోవలసిందే. సరిహద్దుకు అవతల అమెరికా లీగులో 2025లో జట్టు జీతాల పరిమితి 27 కోట్ల 92 లక్షల అమెరికన్ డాలర్లు. మారకపు విలువ కూడా లెక్కవేస్తే కెనడా జట్టుకు అరవై రెట్లకు పైమాటే. అక్కడ కొత్తగా చేరి ఏడాదంతా జట్టులో ఉన్న కుర్రవాడికి ముట్టే కనీస జీతం 8 లక్షల 40 వేల అమెరికన్ డాలర్లు. కెనడాలో 2019లో మైక్ రైలీ అనే క్వార్టర్‌బ్యాక్ నాలుగేళ్ళకు 29 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకొంటే దేశమంతా వింతగా చెప్పుకొన్నారు. అంటే ఏడాదికి 7 లక్షల 25 వేలు. ఆ ఏటి జట్టు పరిమితి 52 లక్షల 50 వేలు. ఆ మొత్తంలో ఏడవ వంతు ఒక్కడికి పోతే, మిగతా నలభై మందికి పైగా మిగిలినదానిలో సర్దుకోవాలి. పరిమితి అంటే అదే. పెద్దవాడి విస్తరిలో పడిన ముద్ద చిన్నవాడి విస్తరిలో తగ్గుతుంది.

ఇంత తక్కువ ఎందుకు? దేశ జనాభా నాలుగు కోట్లు దాటినా ఆ దేశపు మనసు మంచు హాకీ మీద ఉంటుంది. టొరంటో, వాంకూవర్ వంటి మహానగరాలలో ఈ ఆటకు మైదానాలు నిండవు. రిజైనా వంటి చిన్న ఊళ్ళలో నిండుతాయి గాని, ఊరే చిన్నది. 2021 జనగణన ప్రకారం రిజైనా జనాభా 2 లక్షల 26 వేలు. ఆదాయానికి టిక్కెట్లు, టి.ఎస్.ఎన్. అనే క్రీడల టెలివిజన్ సంస్థ ఇచ్చే ప్రసార రుసుము, ప్రకటనలు ప్రధాన ఆధారాలు. అమెరికా లీగు ప్రసారాలు కెనడా ఇళ్ళలోకి ధారాళంగా వస్తాయి. పక్కవీధిలో పెద్ద సంత జరుగుతుంటే మన గుమ్మంలో పెట్టుకొన్న చిన్న కొట్టు వంటిది ఈ లీగు పరిస్థితి. 1993 నుండి 1995 వరకు అమెరికా నగరాలలో కూడా జట్లు పెట్టి చూశారు. ఆ కొత్త జట్లు కట్టిన ప్రవేశ రుసుములతోనే పాతవి కొంతకాలం ఊపిరి పీల్చుకొన్నాయి. 1995లో బాల్టిమోర్ జట్టు గ్రే కప్పు కూడా గెలిచింది, మరుసటి ఏడే మాంట్రియల్‌కు తరలిపోయింది. 1997లో అమెరికా లీగే ఈ లీగుకు 30 లక్షల డాలర్లు అప్పుగా ఇచ్చి ఆదుకొంది. దాయాది దగ్గర చేయి చాచవలసి రావడం ఎటువంటిదో మన పల్లెటూళ్ళలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి వ్యాపారానికి యజమానిగా ఎవరు వస్తారు? ఇక్కడే నాకు పాత అర్థం గుర్తుకు వచ్చింది. 2003లో హామిల్టన్ జట్టు దివాలా తీసినప్పుడు దానిని కొన్నవాడు బాబ్ యంగ్. ఈ పేరు మన జాలమిత్రులకు తెలిసే ఉంటుంది. లినక్స్‌ను ఊరూరా చేర్చిన రెడ్ హ్యాట్ సంస్థ స్థాపకులలో ఒకడు, హామిల్టన్‌లోనే పుట్టినవాడు. ఆయన తనను యజమాని అని పిలుచుకోలేదు, ‘సంరక్షకుణ్ణి’ అన్నాడు. మన గుళ్ళలో ధర్మకర్త అనే మాటకు దగ్గరగా ఉన్నది. డేవిడ్ బ్రేలీ అనే మరొక పెద్దమనిషి హామిల్టన్‌నూ, బ్రిటిష్ కొలంబియా లయన్స్‌నూ, టొరంటోనూ వేర్వేరు కాలాలలో పోషించాడు. 2010 నుండి 2015 వరకు రెండు జట్లు ఏకకాలంలో ఆయన చేతిలోనే ఉన్నాయి. ఒకే మనిషి రెండు జట్లకు యజమాని కావడం పోటీ ధర్మానికి విరుద్ధమని అందరికీ తెలుసు. అయినా మరొక పోషకుడు దొరకక ఒప్పుకొన్నారు. 2020లో ఆయన మరణించాక 2021లో లయన్స్‌ను అమర్ డోమన్ కొన్నాడు. కలప వ్యాపారి, పంజాబు నుండి వలస వెళ్ళిన కుటుంబంవాడు. మాంట్రియల్ జట్టు కథ మరీ విచిత్రం. 2019లో యజమాని వల్లకాదని లీగు చేతికి అప్పగించాడు. 2020లో ఇద్దరు కొన్నారు. వారిలో ఒకరు 2021లో మరణించారు. 2023 ఫిబ్రవరిలో జట్టు మళ్ళీ లీగు ఒడిలో పడింది. మార్చిలో పియెర్ కార్ల్ పెలడో అనే క్యుబెక్ మాధ్యమాల అధిపతి ముందుకు వచ్చి కొన్నాడు. ఆ నవంబరులోనే ఆ జట్టు విన్నిపెగ్‌ను 28–24తో ఓడించి గ్రే కప్పు గెలిచింది. వసంతంలో జీతమిచ్చే నాథుడెవరో తెలియని ఆటగాళ్ళు శీతకాలం నాటికి విజేతలయ్యారు.

అందరు యజమానులూ ఇటువంటివారే అనుకోవద్దు. 1991లో బ్రూస్ మెక్‌నాల్ అనే ధనికుడు, హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్కీ, హాస్యనటుడు జాన్ క్యాండీ కలిసి టొరంటో జట్టును సుమారు 50 లక్షల డాలర్లకు కొన్నారు. కొన్న వెంటనే రఘీబ్ ఇస్మాయిల్ అనే కుర్రవాడికి నాలుగేళ్ళకు 1 కోటీ 82 లక్షల డాలర్లు రాసిచ్చారు. జట్టు ధరకు మూడింతలకు పైగా ఒక్క ఆటగాడికి! ఆ ఏడు కప్పు గెలిచారు. ఇస్మాయిల్ రెండు ఏళ్ళు ఆడి వెళ్ళిపోయాడు. మెక్‌నాల్ వైభవమంతా బ్యాంకులను మోసగించి తెచ్చిన అప్పు అని తరువాత తేలి, ఆయన 1997లో జైలుకు వెళ్ళాడు. పేదవాడి పెళ్ళికి అప్పు తెచ్చి ఏనుగును అద్దెకు తెచ్చినట్లయింది. జీతాల పరిమితిని గట్టిగా పట్టుకోవాలన్న ఆలోచన వెనుక ఇటువంటి అనుభవాలు ఉన్నాయి.

నన్ను అన్నిటికంటె ఆకర్షించినది మూడవ రకం యాజమాన్యం. రిజైనాలోని రఫ్‌రైడర్స్ జట్టుకు, విన్నిపెగ్ జట్టుకు యజమాని ఎవరూ లేరు, ఊరే యజమాని. 1910లో పుట్టిన రఫ్‌రైడర్స్ జట్టు లాభాపేక్ష లేని సంస్థ. ఒక్కొక్కటి 250 డాలర్ల చొప్పున వాటాలు అమ్మారు. ఆ వాటా మీద లాభం పంచరు. వాటాదారుకు దక్కేది వార్షిక సమావేశానికి వెళ్ళి చేయి ఎత్తే హక్కు మాత్రమే. మా అమ్మాయి వాళ్ళ పొరుగున, గోధుమ సేద్యం మానుకొని ఊళ్ళో స్థిరపడిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన ఇంట్లో గోడకు పటం కట్టించి పెట్టిన వాటా పత్రం చూసి, దీనిమీద ఏడాదికి ఎంత వస్తుందండీ అని అడిగాను. ఆయన నా వైపు కాస్త జాలిగా చూసి, “రావడమా? ప్రతి ఏడూ పోతుంది, టిక్కెట్లకు” అన్నారు. అప్పులపాలై జట్టు మూతపడబోయిన 1987లో టెలివిజన్‌లో గంటల తరబడి కార్యక్రమం నడిపి, రాష్ట్రమంతటా విరాళాలు పోగుచేశారు. రైతులు, గుమస్తాలు, బడిపిల్లలు తలా కొంచెం ఇచ్చారు. ఆటల రోజున పుచ్చకాయను తొలిచి శిరస్త్రాణంలా ధరించి వచ్చే జనాన్ని చూస్తే పిచ్చి అనిపిస్తుంది, చందాల కథ వింటే గౌరవం కలుగుతుంది. 2017లో తెరిచిన కొత్త క్రీడా మైదానానికి 27 కోట్ల 80 లక్షల డాలర్లయింది. రాష్ట్రమూ, నగరమూ, జట్టూ కలిసి భరించాయి. అప్పు చేసిన భాగాన్ని ప్రతి టిక్కెట్టు మీద 12 డాలర్లు అదనంగా వసూలు చేసి తీరుస్తారు. ఊరుమ్మడి చెరువుకు పూడిక తీసినట్లు ఆ జట్టును నిలబెట్టుకొన్నారు.

ఇలా చెరువు నిలబెట్టుకోలేని ఊరూ ఉంది. ఎడ్మంటన్ జట్టు 1949 నుండి ఊరుమ్మడి సొత్తు. 1978 నుండి 1982 వరకు వరుసగా అయిదుసార్లు కప్పు గెలిచిన ఘనత దానిది. ఈ శతాబ్దంలో ఆట చెడింది, సొంత మైదానంలో 2019 నుండి 2023 వరకు వరుసగా 22 ఓటములు వచ్చాయి, జనం రావడం మానుకొన్నారు, నిలవ సొమ్ము కరిగిపోయింది. 2024 ఆగస్టులో లారీ థాంప్సన్ అనే స్థానిక వ్యాపారవేత్తకు అమ్మేశారు. ఊరుమ్మడి ఆస్తిని కాపాడేది ఊరి ప్రేమే గాని, ఆ ప్రేమ ఓటములను ఎంతకాలం భరిస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఇంతవరకు చదివినవారికి నేను ఈ లీగును మెచ్చుకొంటున్నాననే అనిపించి ఉంటుంది. మెచ్చుకొంటున్నాను. కాని జీతం సంగతి వచ్చేసరికి నా మనసు ఒకచోట ముల్లు గుచ్చుకొన్నట్లు ఆగిపోతుంది. దానికి కారణం చెప్పాలి.

ప్రభుత్వ కొలువు రాకముందు, 1980లలో, నేను రెండేళ్ళు ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేశాను. పేరు అనవసరం. ఊరి పెద్దలు చందాలు వేసుకొని స్థాపించిన బడి. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, అందులో సందేహం లేదు. రిజిస్టరులో సంతకం చేసేది ఒక మొత్తానికి, చేతికి వచ్చేది అందులో సగానికి. అదైనా మూడు నెలలకొకసారి. ఒకనాడు ధైర్యం చేసి అడిగితే, కార్యదర్శి గారు నవ్వుతూ, “పంతులు గారూ, ఇది వ్యాపారం కాదు గదా, విద్యాదానం. ఆ మాత్రం మీకు తెలియదా?” అన్నారు. వారు నన్ను అవమానించలేదు, కాఫీ కూడా ఇప్పించారు. ఇంటికి నడిచి వస్తూ నేను ఆలోచించినది ఒక్కటే. దానం చేస్తున్నది నేనైతే, శిలాఫలకం మీద దాతల పట్టికలో నా పేరు ఎందుకు లేదు?

కెనడా ఆటగాళ్ళ విషయంలోనూ నాకు కనిపించేది ఇదే. ‘ఇక్కడ ఎవరూ డబ్బు కోసం ఆడరు, ఆట మీద ప్రేమతో ఆడతారు’ అన్న ధోరణి మాటలు అక్కడ తరచు వినిపిస్తాయి. అది నిజమే కావచ్చు. కాని ప్రేమ ఉన్నదని తెలిసిన చోట బేరం కఠినమవుతుంది. యజమాని నష్టం భరిస్తే త్యాగమంటాము, పత్రికలో వ్రాస్తాము. ఆటగాడు మోకాలు పోగొట్టుకొంటే అది ఆటలో భాగమంటాము. 2015 అక్టోబరులో మాంట్రియల్ ఆటగాడు జొనాథన్ హెఫ్నీకి ఆటలో మెడకు తీవ్రమైన గాయం తగిలి, నరాలు దెబ్బతిని, ఒక చేయి స్వాధీనం తప్పింది. అప్పటి ఒప్పందం ప్రకారం గాయపడిన ఆటగాడి వైద్యం ఖర్చు జట్టు భరించవలసినది ఒక్క ఏడాది మాత్రమే. అతడు అమెరికన్ కనుక కెనడా ప్రభుత్వ వైద్య సదుపాయమూ అతనికి లేదు. ఫ్యాక్టరీలో చేయి పోయిన కార్మికుణ్ణి ఆదుకొనే రాష్ట్ర నష్టపరిహార పథకాలు వృత్తి క్రీడాకారులకు చాలాచోట్ల వర్తించవు. తలకు తగిలిన దెబ్బల గురించి ఆర్లాండ్ బ్రూస్ అనే మాజీ ఆటగాడు న్యాయస్థానాలకు వెళ్ళాడు. ఇది ఉమ్మడి ఒప్పందం ప్రకారం మధ్యవర్తి తేల్చవలసిన విషయమే గాని కోర్టుది కాదని క్రింది కోర్టులు అన్నాయి. 2018లో కెనడా సర్వోన్నత న్యాయస్థానం ఆ విషయం వినడానికి నిరాకరించింది.

2020 కరోనా ఏడు ఈ సంబంధం ఎటువంటిదో తేటతెల్లం చేసింది. ఆ వసంతంలో లీగు కమిషనర్ ర్యాండీ ఆంబ్రోసీ ప్రభుత్వాన్ని 15 కోట్ల డాలర్ల దాకా సాయం అడిగాడు. పార్లమెంటు సంఘం ఎదుట, అన్ని జట్లూ కలిసి ఏటా కోటి నుండి రెండు కోట్ల డాలర్ల దాకా నష్టపోతున్నాయని చెప్పాడు. చివరకు 3 కోట్ల డాలర్ల వడ్డీ లేని అప్పు అడిగినా దొరకలేదు. ఆగస్టులో ఆ ఏటి ఆటలన్నీ రద్దయ్యాయి. ఆటకింత అని లెక్కకట్టి ఇచ్చే జీతాలు ఆగాయి. మరుసటి ఏడు తిరిగి మొదలయినప్పుడు, పైన చెప్పిన రైలీ వంటివాడే జీతం బాగా తగ్గించుకోవలసి వచ్చింది.

అందుకే 2022లో ఆటగాళ్ళు సమ్మెకు దిగారు. 1965లో ఏర్పడిన వారి సంఘం 1974 తరువాత చేసిన సమ్మె ఇదే. తొమ్మిది జట్లలో ఏడే సమ్మెలో ఉన్నాయి. అల్బర్టా రాష్ట్రపు కార్మిక చట్టం ప్రకారం గడువు ఇంకా రాకపోవడంతో ఎడ్మంటన్, కాల్గరీ జట్లు సాధన కొనసాగించవలసి వచ్చింది. నాలుగు రోజులలో నాయకులు ఒక అంగీకారానికి వస్తే, ఆటగాళ్ళు ఓటు వేసి దానిని త్రోసిపుచ్చారు. మార్పులు చేసిన రెండవ ఒప్పందాన్ని ఆ నెలాఖరుకు ఆమోదించారు. ఏడేళ్ళకు చేసుకొన్న ఆ ఒప్పందంలో నాకు ముఖ్యమనిపించినవి రెండు. ఒకటి, ఉన్న జట్టులోనే కొనసాగడానికి ఒప్పందం పొడిగించుకొన్న పాతకాపులకు చివరి ఏటి జీతంలో సగానికి హామీ దొరికే వీలు మొదటిసారిగా కలిగింది. అంతకుముందు కాగితం మీద ఎన్ని ఏళ్ళున్నా, జట్టు పొమ్మంటే ఆ నాటితో సరి. రెండవది, లీగు ఆదాయం పెరిగితే ఆ పెరుగుదలలో ఆటగాళ్ళకు ఒక వంతు దక్కుతుంది. 2025లో జీతాల పరిమితి 60 లక్షలు దాటడంలో ఈ వాటా సొమ్ము కూడా ఉన్నది. వైద్యం విషయం 2019 ఒప్పందంలోనే కొంత మెరుగుపడింది, ఒక్క ఏడాదికి బదులు మూడేళ్ళ చికిత్స ఖర్చు ఇవ్వడానికి లీగు అంగీకరించింది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. జీతాలు పెంచమంటే జట్లు మూతపడతాయి, అప్పుడు ఉన్న జీతమూ ఉండదు అని యజమానులంటారు. అది ఉత్త బెదిరింపు కాదు. మాంట్రియల్‌లో పాత జట్టు 1987లో ఆటలకు ముందురోజుల్లో మూతపడింది. నూరేళ్ళ చరిత్ర గల ఆటవా రఫ్ రైడర్స్ 1996తో ముగిసింది. అక్కడే 2002లో మరొక జట్టు పెడితే అది నాలుగేళ్ళు మాత్రమే ఆడి ఆగిపోయింది. మళ్ళీ 2014 దాకా రాజధాని నగరానికి జట్టు లేదు. ఈ సంగతులు ఆటగాళ్ళ సంఘానికి యజమానుల కంటె బాగా తెలుసు, ఎందుకంటే వీధిన పడినది వారే. అందుకే వారు అమెరికా జీతాలు అడగలేదు.

నా దృష్టిలో అసలు తగవు మొత్తం గురించి కాదు, లెక్క గురించి. రిజైనా, విన్నిపెగ్ జట్లు ప్రజల సొత్తు కనుక ఏటేటా తమ పద్దులు బయట పెడతాయి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఆటగాళ్ళకు ఎంత ఇచ్చారు, ఎవరైనా చదువుకోవచ్చు. ప్రైవేటు యజమానులకు ఆ నిర్బంధం లేదు. నష్టం వస్తున్నదని వారు చెబితే నమ్మాలి. నిజంగా నష్టమే వస్తూ ఉండవచ్చు. కాని తక్కువ జీతానికి ఒప్పుకొమ్మని అడిగేవాడు ముందు పద్దు చూపించాలి. మా బడి కార్యదర్శి గారు ఆ రోజు కాఫీకి బదులు ఖాతా పుస్తకం నా ముందు పెట్టి, “ఇదిగో, ఇంతే ఉన్నది, ఇందులో మీకు ఎంత ఇవ్వమంటారు?” అని అడిగి ఉంటే, నేను సగం జీతానికే సంతోషంగా పాఠం చెప్పేవాణ్ణి. అప్పుడు అది నేను తెలిసి చేసిన దానమయ్యేది. 2022 ఒప్పందంలో ఆదాయపు వాటాను నేను గొప్పగా తలచేది ఆ కొద్దిపాటి డాలర్ల కోసం కాదు. వాటా ఇవ్వాలంటే ఆదాయం ఎంతో చెప్పక తప్పదు. నిజమైన మార్పు అక్కడ ఉన్నది.

దక్షిణ ఇవ్వని యజ్ఞం నిష్ఫలమని మన పెద్దల మాట. యజమాని ఎంత నెయ్యి పోశాడన్నదానితో అది పూర్తి కాదు, ఋత్విక్కు వట్టి చేతులతో వెళ్ళరాదు. ఊరంతా కలిసి యజమాని అయినప్పుడు ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు తప్పించుకోవడానికి ‘వాడు’ అని వ్రేలు చూపించే మరొకడు ఉండడు.

2025 నవంబరు 16న విన్నిపెగ్‌లో జరిగిన గ్రే కప్పు ఆటలో రఫ్‌రైడర్స్ మాంట్రియల్‌ను 25–17తో ఓడించింది. 2013 తరువాత ఆ ఊరికి వచ్చిన కప్పు అదే. కొత్త కమిషనర్ స్టూవర్ట్ జాన్‌స్టన్ హయాంలో ఆటను మరింత రక్తి కట్టించాలని, 2027 నుండి మైదానాన్ని 110 గజాల నుండి 100 గజాలకు కుదిస్తామని 2025 సెప్టెంబరులోనే ప్రకటించారు. పాత అభిమానులు ఇది అమెరికా అనుకరణ అని అలిగారు. చూసేవారు పెరిగితే ఆదాయం పెరుగుతుంది, ఆదాయం పెరిగితే ఒప్పందం ప్రకారం ఆటగాడి వంతూ పెరగాలి. ఆ పది గజాలు పోయినందుకు నాకు పెద్దగా విచారం లేదు. వాటి బదులుగా వచ్చే సొమ్ములో గాయపడిన కుర్రవాడి మూడేళ్ళ వైద్యం అయిదారేళ్ళకు పెరుగుతుందా లేదా అన్నది మాత్రం చూడాలని ఉన్నది. మా అల్లుడి చేత వచ్చే ఏడు వార్షిక నివేదిక తెప్పించుకొని, టిక్కెట్ల పద్దు కంటె ముందు ఆ పద్దే చదువుతాను.